వీరభద్రరావు ఎల్క్ పచ్చడి

ఫోర్ట్ కాలిన్స్‌లో తెలుగువాళ్లు వీరభద్రరావును ఎదురుగా ఉన్నప్పుడు రావుగారనేవాళ్లు. అటు తిరగ్గానే వేటగాడనేవాళ్లు. ఆ రెండో పేరు సంగతి ఆయనకూ తెలుసు. పైకి విసుక్కునేవాడు గానీ లోలోపల బాగానే నచ్చింది. ఊరంతా సాఫ్ట్‌వేరు మనుషులు, డాక్టర్లు. కొండెక్కి ఎల్క్‌ను కొట్టుకొచ్చే తెలుగాయన ఆయనొక్కడే మరి.

ఆయన ఉద్యోగం వంతెనలు తనిఖీ చేయడం. ఎక్కడో ఒక బోల్టు వదులైందని అనుమానమొస్తే నిద్రపట్టని మనిషి. అలాంటివాడికి తుపాకీ పిచ్చి అంటించింది ఆఫీసులో తోటివాడు డేల్. ఒక అక్టోబరులో సరదాగా వెంట తీసుకెళ్లాడు. ఈయన ఇక ఆ కొండలను వదల్లేదు. ఎల్క్ మన దుప్పి జాతిదే గాని గేదె అంత ఉంటుంది. ఒకటి పడిందంటే ఏడాదంతా మాంసానికి లోటుండదు. భార్య జానకీదేవి మాంసం ముట్టదు. "మీ వేట నా వంటింటి గడప దాటకూడదు" అని మొదటి రోజే తేల్చి చెప్పేసింది. అందుకని ఆయన ఫ్రీజరు గ్యారేజీలో, పొయ్యి పెరట్లో. ఆ పొయ్యి మీదే ఏటా చలికాలం ఎల్క్ పచ్చడి పెట్టేవాడు. నిమ్మరసం పిండి, గోంగూర దట్టించి, నూనె తేలేలా. ఆ పచ్చడి కోసం వేటగాడని నవ్వేవాళ్లే డబ్బాలు పట్టుకుని వచ్చేవాళ్లు.

తూటాలు కొనడం ఆయనకు గిట్టదు. తనే తయారుచేసుకునేవాడు. తూటా అంటే ఇత్తడి గొట్టం, దానిలో తుపాకీమందు, కొసన గుండు. గొట్టం ఎవరిదైనా ఒకటే. ఏ మందు ఎంత పోయాలి, ఏ గుండు బిగించాలి అన్నదాంట్లోనే ఉంది అసలు విద్యంతా. మొదట్లో డేల్ మాట విని రాగి గుండు వాడాడు. గట్టి సరుకు, ఎముక తగిలినా చితకదు. మొదటి ఎల్క్‌కు అది ఈ పక్క నుంచి ఆ పక్కకు సూదిలా దూరిపోయింది. జంతువు పడలేదు, పరిగెత్తింది. రావు నెత్తుటి చుక్కలు పట్టుకుని వెతుక్కుంటూ లోయ దిగితే, ఒక దేవదారు మొదట్లో పడి ఇంకా ఊపిరి తీసుకుంటోంది. ఆయన దగ్గరకు రాగానే తల తిప్పి చూసింది. ఆ చూపు ఆ చలికాలమంతా ఆయన్ను వదల్లేదు. అన్నం కలుపుకుంటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే.

మరుసటి ఏడు గుండు మార్చేశాడు. మెత్తని సీసపు గుండు, పైన పల్చటి తొడుగు. ఒంట్లోకి వెళ్లగానే పువ్వులా విచ్చుకుని లోపలంతా చెదిరిపోతుంది, జంతువు ఉన్నచోటే కూలిపోతుంది. ఇంకా వేగంగా వెళ్లాలని, ప్రమాదం లేని మేరకు, మందు కూడా కాస్త ఎక్కువే పోశాడు. డేల్ తల అడ్డంగా ఊపాడు.

"అది మాంసంలో ముక్కలైపోతుంది వీరా. మాంసం పాడు చేసుకుంటావు."

"మాంసం సంగతి తర్వాత. అది బాధపడకూడదు, నాకు అంతే."

ఆ తర్వాత పడిన ఎల్క్‌లన్నీ నిలబడ్డచోటే పడ్డాయి. రావు మనసు కుదుటపడింది. నేను కసాయివాణ్ణి కాదు, జాలి ఉన్న వేటగాణ్ణి అనుకున్నాడు. ప్రాణం తీసి కూడా మంచివాడినే అనిపించుకోవాలని మనిషికి ఎంత ఆశ చూడండి! ఇంకో నియమం కూడా పెట్టుకున్నాడు. గాయం చుట్టూ జానెడు మాంసం డేల్ కోసి పారేసేవాడు. రావుకు మనసొప్పేది కాదు. ప్రాణం తీసిందీ కాక పారేయడం కూడానా అని, ఆ నల్లబడ్డ భుజం మాంసం కడిగి, కీమా కొట్టి, అదే పచ్చడికి వాడేవాడు.

రెండువేల ఏడులో చలికాలం మొదలవుతుండగా రిషితకు నెల తప్పింది. వరంగల్ అమ్మాయి. ఇక్కడే ఎమ్మెస్ చేసి, సాత్విక్‌ను పెళ్లాడి, రెండు వీధుల అవతల అపార్ట్‌మెంటులో ఉంటోంది. వాళ్లమ్మకు వీసా కుదరలేదు. జానకీదేవే పుట్టింటి మనిషై రోజూ ఏదో ఒకటి వండి పంపేది. పంపినవన్నీ ఆ పిల్ల తినడం, కక్కుకోవడం. ఒకరోజు ఫోన్ చేసి నేరుగా రావునే అడిగింది.

"అంకుల్, ఏం తిన్నా ఆగుతలేదు. మీ ఎల్క్ పచ్చడి అన్నంల కలుపుకుంటే మాత్రం వాంతి అయితలేదు. ఇంకో జార్ ఉంటే ఇస్తరా, ప్లీజ్?"

ఉంటే ఏమిటి, ఫ్రీజరు నిండా ఉంది! రావు పొంగిపోయాడు. సొంత కూతురు లేదు, కడుపుతో ఉన్న పిల్ల నోరు తెరిచి అడిగింది. మర్నాడే పెరట్లో మంచు తుడిచి పొయ్యి వెలిగించాడు. పులుపు ఎక్కువ కావాలందని నిమ్మరసం రెట్టింపు పిండాడు. ఆ చలికాలమంతా జార్ ఖాళీ కావడం, ఈయన నింపి తీసుకెళ్లడం. ఎవరైనా అడిగితే "మా రిషిత తింటోంది, ఈసారికి మీకు లేదు" అని గర్వంగా చెప్పేవాడు.

వసంతంలో ఒక సాయంత్రం టీవీలో వార్త వచ్చింది. వేరే రాష్ట్రంలో వేటగాళ్లు పేదలకు దానం చేసిన మాంసానికి ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించాడట. అందులో కంటికి కనపడనంత సన్నని సీసపు తునకలు ఉన్నాయట. చిన్నపిల్లలూ గర్భిణులూ తినకపోతే మంచిదంటున్నారు. బిడ్డ మెదడు ఎదగకుండా చేసే విషం సీసం. జానకీదేవి చపాతీలు ఒత్తుతూ "ఏవండీ, అదేదో మీ వేట గురించే చెబుతున్నట్టున్నారు" అంది. రావు టీవీ కట్టేశాడు.

పొద్దున్నే ఫ్రీజరులోంచి ఒక కీమా పొట్లం తీసుకుని ఆంజనేయప్రసాద్ దగ్గరకు వెళ్లాడు. ఆయన పశువైద్యుడు, పాతికేళ్ల స్నేహితుడు, కుక్కలకూ గుర్రాలకూ ఎక్స్‌రే తీస్తాడు.

"ఏంటయ్యా ఇది, ఎక్కడ విరిగింది దీనికి?" అని నవ్వుతూనే పొట్లాన్ని బల్ల మీద పెట్టాడు. తెర మీద బొమ్మ రాగానే ఆ నవ్వు ఆగిపోయింది. బూడిదరంగు ముద్దలో ఉప్పు చల్లినట్టు తెల్లని చుక్కలు.

"ఎవరన్నా తిన్నారా దీన్ని?"

రావు పొట్లం తీసుకుని కారెక్కాడు. పొట్లాన్ని పక్క సీట్లో పెట్టి దాన్నే చూస్తూ కూర్చున్నాడు. జంతువుకు నొప్పి తెలియకూడదని ఏరికోరి తెచ్చుకున్న గుండు. పారేయకూడదని కడిగి కొట్టిన మాంసం. పిల్ల అడిగిందని పిండిన పులుపు. పులుపు సీసాన్ని ఇంకా బాగా కరిగిస్తుందని ఇంజనీరుకు ఒకరు చెప్పాలా? చేసిన మంచి పనులన్నీ కూడబలుక్కుని వచ్చి ఆ పిల్ల కంచంలో కూర్చున్నాయి.

అప్పుడే నేరుగా వెళ్లి చెప్పేసి ఉంటే ఈ కథ వేరేలా ఉండేది. వెళ్లలేదు. ఏడో నెల, భయపడితే ఏమవుతుందోనని తనకు తానే ఒక సాకు చెప్పుకున్నాడు. నిజానికి ఆయన భయం ఆ పిల్ల గురించి కాదు, తన మొహం గురించి. ఫోన్ చేశాడు.

"అమ్మా రిషితా, నేనిచ్చిన పచ్చడి తినకు. ఈసారి బూజు పట్టినట్టుంది. పారేయమ్మా."

"అయ్యో, అట్లనా అంకుల్? సరే, చూస్తా."

ఫోన్ పెట్టేసి హమ్మయ్య అనుకున్నాడు. పని అయిపోయింది, ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఫ్రీజరు ఖాళీ చేసి, మూకుడుతో సహా చెత్తలో పడేశాడు. ఎందుకని జానకీదేవి అడిగితే వేట మీద విసుగొచ్చిందన్నాడు. ఆవిడకు ఒకందుకు సంతోషమే.

మూడు వారాలకు సీమంతం జానకీదేవి తమ ఇంట్లోనే చేసింది. గాజులు తొడిగారు, పాటలు పాడారు, ఫొటోలు తీసుకున్నారు. భోజనాల దగ్గర రిషితను మధ్యలో కూర్చోబెట్టి పులిహోర, బూరెలు వడ్డించారు. ఆ పిల్ల నవ్వుతూ పక్కనున్న సంచిలోంచి ఒక జార్ తీసింది.

"ఇది లేకుంటే నాకు ముద్ద దిగదు ఆంటీ. అంకుల్ బూజు పట్టిందని భయపెట్టిన్రు గని ఏం లేదు. అయినా పైన ఒక స్పూన్ తీసి పడేసిన. రోజూ ఇదే తింటున్న. ఇయ్యాల కోసమని లాస్ట్‌ది దాచుకున్న."

గది అవతల మంచినీళ్ల గ్లాసులు సర్దుతున్న రావుకు ఆ మాటలు వినపడ్డాయి. గ్లాసు ఎక్కడ పెట్టాడో తెలియదు. ఆ పిల్ల ఎర్రగా కలిపిన ముద్దను నోటి దాకా తీసుకెళ్లింది. రావు మనుషుల్ని తోసుకుంటూ వచ్చి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముద్ద పట్టుచీర మీద పడింది. కడుపుతో ఉన్న పిల్ల నోటి దగ్గర ముద్ద లాగేసుకున్నాడు, అదీ సీమంతం నాడు!

"ఏవండీ! మతి పోయిందా?" జానకీదేవి అరిచింది.

"తినకమ్మా. బూజు కాదు. సీసం. నా గుండులోని సీసం ఉంది అందులో. నేను అబద్ధం చెప్పాను."

అందరి ముందూ మొత్తం చెప్పాడు. గుండు గురించి, టీవీ గురించి, ఎక్స్‌రేలో తెల్ల చుక్కల గురించి. రిషిత చేతులు రెండూ పొట్ట మీదకు వెళ్లాయి. చెంపలకు రాసిన గంధం ఆరిపోయి పొట్టు రాలుతోంది. సాత్విక్ చాలా మెల్లగా అడిగాడు.

"మీకు ఎప్పటినుంచి తెలుసు అంకుల్?"

"మూడు వారాలు."

సాత్విక్ భార్యను లేపి, చెప్పులు తొడిగి, తీసుకెళ్లిపోయాడు. తెలియక చేసినదాన్ని ఎవరైనా క్షమిస్తారు. తెలిసి దాచిన ఆ మూడు వారాలను మాత్రం రావే క్షమించుకోలేకపోయాడు. ఇవాళ్టికీ అంతే.

రక్తపరీక్షలో సీసం ఉండాల్సినదానికన్నా ఎక్కువే వచ్చింది. మందులు వాడాల్సినంత కాదు, బిడ్డను గమనిస్తూ ఉండండి అన్నారు డాక్టర్లు. జూన్‌లో పాప పుట్టింది. ఇషా. చక్కగా ఏడ్చింది, చక్కగా పాలు తాగింది. అందరూ గండం గడిచిందన్నారు. గమనించడం మాత్రం డాక్టర్లకన్నా రావుకే ఎక్కువైంది. పాప బోర్లా పడిందా, మాట వచ్చిందా అని జానకీదేవి చేత అడిగించేవాడు. ఏ నాలుగు రోజులు ఆలస్యమైనా ఆయనకు అన్నం సయించేది కాదు. తన పచ్చడి ఆ పాప తెలివిలో ఎంత కొరికి తిన్నదో, అసలు కొరికిందో లేదో, ఎవ్వరూ చెప్పలేరు. ఏమీ కాలేదని కూడా ఎవ్వరూ చెప్పలేరు, అదీ ఆయన్ను తినేసేది.

ఆ శరదృతువులో రాగి గుండ్లు బిగించుకుని ఒక్కసారి కొండకు వెళ్లాడు. ఎల్క్ మళ్లీ పరిగెత్తింది. వెతికి పట్టుకుని, అది పోయేదాకా పక్కనే కూర్చున్నాడు. ఈసారి కళ్లు తిప్పుకోలేదు. పాపం అంటని గుండు ఎక్కడో ఉంటుందని ఇన్నేళ్లు గ్యారేజీలో కూర్చుని వెతికాను గదా అనుకున్నాడు. దిగి వచ్చి రైఫిల్ డేల్‌కిచ్చేశాడు.

రిషిత మాటలు మానలేదు. అదే అంకుల్, అదే నవ్వు. పండక్కి వస్తుంది, జానకీదేవితో ఫోన్‌లో గంటలు మాట్లాడుతుంది. వాళ్లింట్లో మాత్రం ఏమీ ముట్టదు. "ఇప్పుడే తినొచ్చినం ఆంటీ" అంటుంది. ఎప్పుడు వచ్చినా అప్పుడే తినొస్తుంది.

ఇషాకు నాలుగేళ్లప్పుడు దీపావళికి వచ్చారు. పాప రావు ఒళ్లోకెక్కి ఆయన కళ్లజోడు లాగింది. ఆయనకు ఏం చేయాలో తోచక, బల్ల మీదున్న అరటిపండు తీసి తొక్క ఒలిచి ఇచ్చాడు. తోట నుంచి కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి వచ్చిన అరటిపండు. పాప నోరు తెరిచింది. రిషిత చెయ్యి చటుక్కున వచ్చి పాప మణికట్టు పట్టుకుంది.

ఒక్క క్షణమే. తర్వాత ఆమె మొహం కందిపోయింది, చెయ్యి వదిలేసింది. "అయ్యో, సారీ అంకుల్, ఊరికే... తిను నాన్నా, తాతయ్య ఇచ్చిన్రు గద."

పాప తినేసింది. రావు ఆ చిన్న మణికట్టు వైపు చూస్తూ, "తప్పేం లేదమ్మా, నువ్వు అట్లాగే పట్టుకో" అన్నాడు.