గంగక్క నెత్తిన జ్యోతి

జుట్టంటే జడ, జడంటే నడుము దాకా అని నమ్మే ఊరికి గంగక్క మెడ దాటని జుట్టుతో కోడలిగా వచ్చింది. రాప్తాడుకు దగ్గరలో కంబళ్ళు నేసే కురుబల ఊరది. పొట్టిదైతే పొట్టిదిలే అనుకోవచ్చు, ఆ జుట్టు ఊరుకునే రకం కూడా కాదు. వంకీలు తిరిగి, పొద్దున దువ్వితే పొద్దెక్కేసరికి పొంగి, తల రెండింతలై కూర్చునేది. అక్కడి ఎండా గాలీ తెలిసినవాళ్ళకు వేరే చెప్పాలా? పిల్లలు ఆమెకు బొచ్చుగొర్రె అని పేరు పెట్టారు. గొర్రెల మీద బతికే ఊళ్ళో అది పెద్ద తిట్టేమీ కాదు. అయినా కొత్త కోడలికి గుచ్చుకోకుండా ఉంటుందా!

పుట్టుకతో ఆమెది అట్లాంటి జుట్టు కాదు. పందొమ్మిది వందల యాభై ఐదులో, దాసప్పతో పెళ్ళి మాటలు కుదిరిన కొద్దిరోజులకే టైఫాయిడ్ జ్వరం వచ్చి గంగక్క మంచానికి అంటుకుపోయింది. తల్లి ఆమె జుట్టంతా తీయించేసి, కురుబల దేవుడు బీరప్ప గుడి ఉన్న దిక్కుకు తిరిగి కొంగు పట్టింది. "ఈ బిడ్డ బతికి బట్టకడితే అత్తగారింటి జ్యోతిని నెత్తిన పెట్టుకోని నీ గుడి సుట్టూ మూడు సుట్లు తిరుగుతాది స్వామీ" అని మొక్కింది. బిడ్డ బతికింది. జుట్టు మాత్రం దారి మార్చుకుని మొలిచింది. కాపురానికి పంపేటప్పుడు తల్లి చెవిలో ఒక్క మాటే చెప్పింది. "మొక్కు తీరేదాకా యాడా నోరు విప్పొద్దు. బయట పెట్టిన మొక్కు చెల్లదు."

అప్పటినుంచి గంగక్కకు తన ప్రాణం తనది కాదనిపించేది. తలనొప్పి వచ్చినా, ఒళ్ళు వెచ్చబడినా, బీరప్ప బాకీ అడుగుతున్నాడేమోనని గుండె జారిపోయేది.

శ్రావణమాసంలో బీరప్ప దేవర, అంటే ఊరి జాతర. ఇంటికొక జ్యోతి పోవాలి. బియ్యప్పిండీ బెల్లమూ కలిపి ముద్ద చేసి, నడుమ గుంట తీసి, నెయ్యి పోసి వత్తి వెలిగిస్తారు. ఆ ముద్దను ఇంటి పెద్దకోడలు నెత్తిన చుట్టకుదురు మీద పెట్టుకుని గుడి చుట్టూ మూడు చుట్లు తిరగాలి. ఆ పొద్దు తలకు నూనె తగలకూడదు, నెత్తిన ముసుగు పడకూడదు, ఒకరి వెంట్రుకలతో కట్టిన సవరం అసలే పనికిరాదు. జడ ఉన్నవాళ్ళకు ఇవేవీ లెక్కలోవి కావు. జుట్టు ముడికి కూడా అందని గంగక్కకే వచ్చింది చిక్కంతా.

మొదటి ఏడు ఇదేమీ ఆలోచించకుండా సంబరంగా బయలుదేరింది. తొలి చుట్టు సగం కాకముందే వెనకనుంచి గాలి కొట్టింది. జుట్టు పైకి లేచి మంటను అందుకుంది. చుర్రుమంది, కాలిన వాసన వచ్చింది. అత్త కదిరమ్మ ఒక్క అంగలో వచ్చి జ్యోతిని లాక్కుని, అరచేతులతోనే నిప్పు ఆర్పేసింది. గంగక్కకు కాలింది కాసిన్ని వెంట్రుకలే, బొబ్బలెక్కినవి కదిరమ్మ చేతులు. ఆ ఏటి చుట్లు దాసప్ప తమ్ముడి పెళ్ళాం బయమ్మ తిరిగింది. బయమ్మది నడుము దాటిన జడ.

మరుసటి ఏడు ఆషాఢం గాలులు మొదలవగానే కదిరమ్మ పొయ్యి ముందు కూర్చుని తేల్చి చెప్పేసింది.

"ఈ ఏడు జ్యోతి బయమ్మ మోస్తాది. నువ్వు పక్కన నడువు."

"నేనే మోస్తానత్తా."

"మళ్ళా కాల్చుకునేకా?"

"కాల్చుకోను."

"ఏం, నీ జుట్టుకు బుద్ధి చెప్పినావా?"

గంగక్క పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. చెబితే మొక్కు చెల్లదు, చెప్పకపోతే మొండిదంటారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పక్కనే రాగిపిండి జల్లిస్తున్న బయమ్మ "అంత పట్టు దేనికక్కా, నేను మోస్తే నీదేం పోతాది?" అంది. నా ప్రాణం పోతుందే అని గంగక్క లోపల అనుకుంది, పైకి మూతి ముడుచుకుంది. తోడికోడలి జడ మీద కుళ్ళుతో పట్టుబడుతోందని అత్తా బయమ్మా ఇద్దరూ అనుకున్నారు. అనుకోరూ మరి!

చివరికి కదిరమ్మే ఒక మెట్టు దిగింది. "దేవర ముందురోజు పోయి గుడి అరుగు మింద గాలికి నిలబడు. జుట్టు అణిగి ఉంటే నువ్వు మొయ్యి. లేస్తే బయమ్మ మోస్తాది. ఇంగ దీని మింద మాట లేదు."

ఆ రోజునుంచి గంగక్కకు దువ్వెనే లోకమైంది. నడుముకు దోపుకుని తిరిగేది. నీళ్ళకు పోతూ దువ్వేది, కట్టెలకు పోతూ దువ్వేది, పొయ్యి మీద సంగటి ఉడుకుతుంటే దువ్వేది. దువ్వినకొద్దీ జుట్టు పొంగేది. ఆముదం రాస్తే అణిగేది గానీ దేవర పొద్దు నూనె పనికిరాదే! గుడ్డ బిగించి కట్టుకుని పడుకుంటే, తెల్లారి గుడ్డ విప్పీ విప్పకముందే లేచి నిలబడేది.

దాసప్ప మగ్గం గుంటలో కూర్చుని ఇదంతా చూసి నవ్వుకునేవాడు. మంచివాడే, ఎగతాళి ఒక్కటే అతని రోగం. "గంజి తాగని పడుగు కూడా ఇంతేనే, మాట వినదు. నీ తలకూ ఇంత గంజి పూస్తే సరి" అన్నాడు ఒకరోజు.

పడుగంటే మగ్గం మీద నిలువునా సాగే దారాలు. గొర్రెబొచ్చుతో వడికిన దారం కదా, నూగు లేచి ఒకదానికొకటి చుట్టుకుంటుంది. అందుకని చింతగింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి రుబ్బి, గంజి కాచి పడుగుకు పూసి కుంచెతో దువ్వుతారు. ఆ గంజి కుండ వాకిట్లో ఎప్పుడూ ఉండేదే. మొగుడి మాట గంగక్కకు ఎగతాళిగా వినపడలేదు, దారి దొరికినట్టే అనిపించింది.

దాసప్ప సంతకు పోయిన పూట కుండలోని చిక్కటి గంజిని దోసిళ్ళతో తీసి తలకు పట్టించింది. కుంచె పెట్టి దువ్వింది. బాగా బిగియాలని ఎండలో కూర్చుంది. బిగిసింది, బిగియక ఏమవుతుంది! జుట్టంతా అట్టగట్టి నెత్తిన చెక్క బోర్లించినట్టయింది. మెడ తిప్పితే ఎక్కడో పెటిల్లుమనేది, తెల్లటి పొట్టు భుజాల మీద రాలేది. ఈగలు ముసిరాయి. ఇంట్లో పెంచుకునే గొర్రెపిల్ల వచ్చి చెవి పక్కన నాకడం మొదలుపెట్టింది.

కదిరమ్మ వచ్చి చూసింది. ముందు నోరు తెరిచి నిలబడింది. తరువాత గోడ పట్టుకుని నవ్వింది, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వు అయిపోయాక కోపం వచ్చింది. "పడుగుకు పెట్టేది తలకు పెడతారా యాడన్నా? పూసుకునే ముందు నీళ్ళు యాడున్నాయో చూసుకుంటివా?" బావి అడుగంటిన కాలమది, కడవ నీళ్ళంటే మాటలు కాదు. అట్లా తిడుతూనే ఇంట్లో ఉన్న కడవ నీళ్ళూ వేడి చేసింది. కోడలిని కూర్చోబెట్టి, తడిపి నానబెట్టి, వేళ్ళతో ఒక్కొక్క పాయా విడదీసింది.

"ఏం పిల్లవే నువ్వు. ఆ జ్యోతి మింద అంత ఆశ దేనికే నీకు?"

గంగక్క ఏడ్చింది గానీ చెప్పలేదు.

కొన్నాళ్ళకు దాసప్ప కొత్త పడుగును వీధిలో సాగదీశాడు. గంజి పూసి అతనూ గంగక్కా చెరొక వైపునుంచి కుంచెలు ఆడిస్తున్నారు. ఒకచోట అప్పటికే ఆరిపోయిన సంగతి గమనించక గంగక్క మళ్ళీ కుంచె వేసింది.

"ఆరినదాని మింద కుంచె పెట్టొద్దే" అని దాసప్ప కేక వేశాడు. "నూగు లేస్తాది. తడి మిందనే దువ్వాల. ఆరినాంక దాని జోలికి పోకూడదు."

గంగక్క చెయ్యి నడుముకు దోపుకున్న దువ్వెన మీద పడింది. ఆరిన జుట్టును రోజంతా దువ్వి దువ్వి లేపుతున్నది తానే! నా తెలివి తెల్లారినట్టే ఉందనుకుంటూ అక్కడే నవ్వేసింది. దాసప్పకు ఏమీ అర్థం కాలేదు.

ఆ సాయంత్రమే దువ్వెన తీసుకుపోయి బయమ్మ చేతికిచ్చింది. "నేనడిగినా ఇయ్యొద్దు. తల తడిసినప్పుడు మాత్రం ఇయ్యి." తరువాత గంజి కుండ కదిలించకుండా పైన తేరిన తేట మాత్రం వంచుకుని, గుడ్డలో వడకట్టి, నీళ్ళు కలిపింది. ఒకసారి మరీ పలచనై జుట్టు ఎప్పటిలా లేచింది. ఇంకోసారి చిక్కనై చేతులు అంటుకున్నాయి. పట్టు వదలలేదు. తడి తలను ఒక్కసారి దువ్వి, తేట పట్టించి, వంకీలను వేళ్ళతో అదిమి, ఆరేదాకా చెయ్యి పెట్టకుండా ఒళ్ళో చేతులు కట్టుకుని కూర్చునేది. చెయ్యి పెట్టకుండా ఉండడమే అన్నిటికన్నా కష్టమైంది. చివరికొకరోజు జుట్టు తలకు ఒదిగి కూర్చుంది. వంకీలు పోలేదు, పోవాలని ఆమెకూ లేదు. లేవకుండా ఉంటే చాలు.

దేవర ముందురోజు గుడి అరుగు మీద గాలికి నిలబడింది. పూజారి గురప్ప కూడా వచ్చి చూశాడు. చీర కుచ్చెళ్ళు రెపరెపలాడుతున్నాయి, వంకీలు కదిలాయే గానీ లేవలేదు. కదిరమ్మ దగ్గరికొచ్చి తల తడిమింది.

"ఏం పూసినావే? నూనె కాదు గదా?"

"గంజి తేటత్తా."

కదిరమ్మ గురప్ప వైపు చూసింది. "చింతగింజలకు దేవుడు అడ్డం చెప్పలేదులేమ్మా" అన్నాడాయన. కదిరమ్మ గుడి ముందు కాసేపు చేతులు జోడించి నిలబడి, కోడలి కోసం ఆగకుండా ఇంటికి నడిచింది. ఓడిపోయినందుకు కోపమొచ్చిందేమోనని గంగక్క భయపడింది.

తెల్లారి జ్యోతి నెత్తికెక్కింది. బయమ్మ ముందు నడుస్తూ దారిలో రాళ్ళు కాలితో నెట్టింది. కదిరమ్మ తడిపిన కంబళి ముక్క భుజాన వేసుకుని పక్కనే నడిచింది, ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. పోయిన ఏడు కాలిన చోటు వచ్చింది, దాటింది. రెండో చుట్టులో గాలి లేచి మంట పక్కకు వాలింది. గంగక్క అడుగు నెమ్మదించింది గానీ తల కదపలేదు. మూడో చుట్టు కూడా అయింది. గురప్ప జ్యోతిని దించుకుని దేవుని ముందు పెట్టాడు.

గంగక్క అక్కడే నేల మీద కూలబడి భోరుమంది. జ్వరం సంగతీ, తల్లి మొక్కు సంగతీ ఏడుస్తూనే చెప్పేసింది. "నేను బతికిందే ఈ మూడు సుట్ల కోసమత్తా. ఈ పొద్దుతో నా ప్రాణం నాదైంది." బయమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

కదిరమ్మ పక్కనే కూర్చుంది. తరువాత తన కొప్పు విప్పింది. యాభై దాటినా ఒత్తుగా నడుము కిందికి పడే జుట్టు అది, ఊళ్ళో ఆడవాళ్ళంతా చూసి ముచ్చటపడే జుట్టు.

"నువ్వూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు" అంది. "నిన్న నీకు జ్యోతి ఇయ్యక తప్పదని తెలిసినాంక నాకు కాళ్ళు ఆడలేదే. నా కోడలు కాలకుండా తిరిగొస్తే ఇది ఇచ్చేస్తానని కదిరి నరసింహునికి మొక్కినా." గుంపులో నిలబడిన కొడుకు వైపు తిరిగి, "దాసా, రేపు నాతో కదిరి బస్సెక్కల్ల" అంది.

అత్త తనంటే గిట్టక జ్యోతి ఇవ్వనంటోందని గంగక్క ఆషాఢం నుంచీ నమ్మింది. ఆ మాట తలుచుకుని సిగ్గుపడి, అత్త ఒళ్ళో తల పెట్టుకుని ఇంకా ఏడ్చింది.

ఆ తరువాత అరవైల దశాబ్దం పొడుగునా, వానలున్న ఏడూ లేని ఏడూ, ఆ ఇంటి జ్యోతి గంగక్కే మోసింది. కదిరమ్మ ఏటా మొక్కుకునేది, ఏటా కదిరికి పోయి గుండు చేయించుకుని వచ్చేది. మళ్ళీ దేవర వచ్చేసరికి పొట్టిగా, నెరిసి, గాలికి లేచే జుట్టు. గంగక్క ఆమెను వాకిట్లో కూర్చోబెట్టుకుని, తల తడిపి, గంజి తేట పట్టించేది.

"ఇంగ చాలత్తా. నాకు చేతనైంది గదా, ఈ ఏడు మొక్కొద్దు" అనేది.

"నీకు చేతనైందే" అనేది కదిరమ్మ, తల కదిలించకుండా. "గాలికి తెలియొద్దూ?"