డంపరుకు విశ్రాంతి, పిల్లకు ప్రాక్టీసు

సాయంత్రం మా కిరందుల్ టౌన్‌షిప్ క్లబ్బులో పక్క క్వార్టర్ రావుగారు పన్నెండేళ్ల కూతురిచేత బ్యాడ్మింటన్ ప్రాక్టీసు చేయిస్తున్నారు. స్మాష్ కొట్టిన ప్రతిసారీ ఆ పిల్ల భుజం పట్టుకుంటోంది. జగదల్‌పూర్ డాక్టరు నెల రోజులు రాకెట్ ముట్టుకోవద్దన్నాడట.

"మరి ఆడిస్తున్నారేంటండీ?" అన్నాను.

"డాక్టర్లు అలాగే అంటారండీ. సెలక్షన్స్ దగ్గరికొచ్చేశాయి. ఈమాత్రం నొప్పికే ఆపేస్తే ఎలా?"

రావుగారు ఇక్కడి ఇనుప గనిలో సేఫ్టీ ఆఫీసరు. ఖనిజం మోసే డంపర్ లారీ చప్పుడు కాస్త తేడాగా వినిపించినా అక్కడికక్కడే ఆపించి వర్క్‌షాపుకు పంపిస్తారు.

పిల్ల రాకెట్ కింద పెట్టి మెల్లగా అంది: "నాన్నా, నన్ను కూడా డంపరే అనుకో."

షటిల్ ఏరడానికి వంగిన రావుగారు, పిల్ల రాకెట్ కూడా తీసి సంచిలో పెట్టేశారు.

మీ ఇంట్లో పిల్లలకు ఆ డంపరుకున్నపాటి విలువైనా ఉందా, చెప్పండి.