నూనె కొలిచే చోటు

మా కొండల్లో మట్టంగా ఉన్న నేల దొరకడం కష్టం. ఇల్లు కట్టాలన్నా, కాఫీ గింజలు ఎండబెట్టుకోవాలన్నా ముందు కొండని చెక్కి చదును చేసుకోవాలి. మా వాకిలి కూడా రోడ్డు వైపుకి వాలి ఉండేది. చెంబెడు నీళ్ళు ఒంపితే గేటు దాకా వాటంతట అవే వెళ్ళిపోయేవి. ఊరు మొత్తానికి కారు నిలబెట్టేంత చదునైన చోటు ఒక్కటే ఉండేది, చర్చి ముందున్న మైదానం. ఎప్పుడో మిషన్ వాళ్ళు చేయించారు. కారులో నూనె కొలవాలంటే మా ఆయన అక్కడికే తీసుకెళ్ళేవారు.

ఆయన మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. నేను పై ఊరి బడిలో టీచర్ని. ఆ ఊరికి బస్సు లేదు, నడిచే దారి నిట్టనిలువు. తొంభైల్లో ఒక పాత నీలం రంగు కారు కొని, ఇద్దరం నడపడం నేర్చుకున్నాం. దాన్ని ఏ మెకానిక్కు చేతిలోనూ పెట్టనని ఆయన పట్టు. నూనె మార్చే వేళయితే రైలెక్కి విశాఖ వెళ్ళి, కంపెనీ షోరూములోనే ఫిల్టరూ, బోల్టు కింద వేసే వాషరూ, నూనె డబ్బా కొనుక్కొచ్చేవారు. బజార్లో దొరికేది ముట్టుకునేవారు కాదు. నకిలీ మందేస్తే మనిషి పోతాడు, నకిలీ ఫిల్టరేస్తే బండి పోతుంది, రెండూ ఒకటే అనేవారు. ఒక్క ఫిల్టరు కోసం రోజంతా రైల్లో కూర్చునే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆ మాటే ఆయన మొహం మీదా అనేదాన్ని.

ఆ పనికి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. ముందు ఇంజను వేడెక్కడానికి బండిని కింది వంతెన దాకా తిప్పి తెచ్చేవారు. ముందు చక్రాలు రెండు బండల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, కింద దూరి పాత నూనె సత్తు బేసిన్లోకి దింపేవారు. ఆ నల్లనూనె కోసం ఎవరో ఒకరు డబ్బా పట్టుకుని మా గేటు దగ్గర కూర్చునేవారు. ఇంటి గుంజలకి పూస్తే చెద పట్టదని మా దగ్గర అందరికీ అది కావాలి. ఈసారి ఒక ఇంటికి ఇస్తే మళ్ళీసారి ఇంకో ఇంటికి, అలా వంతులు. కొత్త నూనె మాత్రం ఇంటి దగ్గర మూడొంతులే పోసేవారు. మిగిలింది డబ్బాతో సహా సీటు మీద పెట్టుకుని చర్చి మైదానానికి పోనిచ్చి, నూనె కిందికి దిగేదాకా ఆగి, అప్పుడు గేజి తీసేవారు. గేజి అంటే నూనె ఎంతుందో చూపించే సన్నటి ఇనప పుల్ల. దాని మీద రెండు గీతలుంటాయి. పై గీతకి వస్తే నిండినట్టు.

ఆ గీతలు ఆయనకి ఆనేవి కావు. కళ్ళజోడు పెట్టుకోమంటే నామోషీ. అందుకని పుల్ల నా వైపు చాచి, "సదువు, టీచరమ్మా," అనేవారు.

నేను వంగి చూసి, "నిండా ఉంది," అనేదాన్ని.

"అయితే మూతెట్టేద్దాం," అనేవారు ఆయన.

అంతే. ఇన్నేళ్ళలో ఆ పనిలో నా వంతు ఆ రెండు మాటలే. దానికోసం వంట మధ్యలో ఆపించి లాక్కెళ్తారని ప్రతిసారీ సణుక్కునేదాన్ని.

రెండు వేలు దాటాక ఒక వానాకాలంలో జ్వరం వచ్చి పోయారు. ఊరందరికీ మలేరియా మందులిచ్చిన మనిషి ఆ జ్వరంతోనే పోయారు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. మైదానాన్ని ఆనుకునే సమాధుల తోట. మధ్యలో నడుం ఎత్తు రాతిగోడ. ఆయన్ని ఆ గోడ పక్కనే పెట్టాం. ఆ తర్వాత ఆదివారాలు చర్చికి వెళ్ళినా పక్క తలుపులోంచి వెళ్ళి, చివరి బెంచీ మీద కూర్చుని, దీవెన కాగానే రోడ్డు వైపు నుంచే వచ్చేసేదాన్ని. మైదానంలో కాలు పెట్టలేదు.

ఇంట్లో మాట లేదు. ఒక్కదానికే వండుకోవడం, ఒక్కదాన్నే తినడం ఎలాగో అలవాటైంది. ఎవరినో కసరబోయి నోరు తెరవడం, మళ్ళీ మూసుకోవడం, అదొక్కటే అలవాటు కాలేదు. రేడియో పెట్టుకునేదాన్ని, దాన్నీ కసిరేదాన్ని.

ఆ చలికాలం పార్వతీపురం నుంచి మా బావగారు వచ్చారు. అక్క భర్త, మంచి మనిషే. కారు కొనేవాణ్ణి చూశానన్నారు.

"ఆడకూతురివి. బండి ఉంటే అయిపోద్దా అమ్మా? దానికి సాకిరీ ఎవులు సేత్తారు? అమ్మేసి, బదిలీ ఎట్టించుకుని మా కాడికి వచ్చేయ్. మీ అక్క ఎనకగది కాళీ సేసి ఉంచింది."

కారు పోతే బడి పోయినట్టే. బడి పోతే నాకు మిగిలేది ఆ వెనకగది. అక్క ప్రేమగా పెడుతుంది, నేను ప్రేమగా తింటాను, అలా ముసలిదాన్నైపోతాను. ఆ ఊహకే నాకు ఒళ్ళు మండింది.

"నూనె మార్చే వేళయింది బావగారూ. నేనే మార్చుకుంటాను. మార్చి, బడికెళ్ళే ఎత్తు ఎక్కించి దింపుతాను. చేతకాకపోతే తాళాలు మీ చేతిలోనే పెడతాను, సరేనా," అన్నాను.

ఆయన నవ్వారు. వచ్చే శనివారం సాయంత్రం కొనేవాణ్ణి వెంటబెట్టుకుని వస్తానని వెళ్ళిపోయారు.

విశాఖ షోరూముకి నేనొక్కదాన్నే వెళ్ళడం అదే మొదలు. కౌంటరు దగ్గరున్నాయన నన్ను చూసి, నా వెనకాల తలుపు వైపు చూశాడు.

"సారు రాలేదాండి?"

"రాలేదు," అన్నాను. అంతకు మించి చెప్పలేకపోయాను. చెప్తే ఆ మనిషి జాలి పడాలి, ఆ జాలికి నేను జవాబు చెప్పాలి, ఆ ఓపిక నాకు లేదు.

అతను ఫిల్టరూ, నూనె డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. చిన్న కవర్లో వాషర్లు వేస్తూ, "సారుకి ఎప్పుడూ ఒకటి ఎక్కువుండాలి గదండి. రెండేశాను. అడిగేనని సెప్పండి," అన్నాడు.

తిరుగు రైల్లో సొరంగాలు వచ్చినప్పుడల్లా బోగీ చీకటైపోయేది. పిల్లలు కేకలు పెట్టేవారు. నేను డబ్బాని కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, ఆ చీకటి చాలినంతసేపు ఏడ్చి, వెలుగు వచ్చేసరికి పమిటతో మొహం తుడుచుకునేదాన్ని.

శనివారం పొద్దున్నే మంచు ఇంకా విడవకుండానే మొదలుపెట్టాను. గేటు దగ్గర కింది వాడ అప్ప డబ్బా పట్టుకుని అప్పటికే కూర్చుని ఉంది. నాకన్నా పెద్దది, అందుకే అక్కని పిలిచినట్టు అప్ప అంటాను. కొండమీద రాగులూ కాఫీ పండించుకునే మనిషి. నల్లనూనె ఈసారి వాళ్ళ ఇంటి వంతు.

బండిని వంతెన దాకా తిప్పి తెచ్చి, బండల మీదికి ఎక్కించి కింద దూరాను. బోల్టు కదల్లేదు. పానా పిడికి ఇనప గొట్టం తొడిగి లాగితే కదిలింది, కదలడమేమిటి, ఒక్కసారిగా ఊడి వచ్చింది. వేడి నూనె మోచేతి దాకా కారింది. నోటికొచ్చినట్టు తిట్టాను. బండిని తిట్టాను, బోల్టుని తిట్టాను, చివరికి ఈ పనంతా నా నెత్తిన పడేసి చక్కా పోయిన మనిషిని పేరుపెట్టి మరీ తిట్టాను.

గేటు దగ్గర అప్ప నవ్వింది. "సారు ఉండగా నువ్వు కసురుతుంటే ఈదంతా ఇనబడీది. సారు పోయినకాడి నుంచి ఊరే మూగబోనాది. తిట్టు, తిట్టు."

బోల్టుకి కొత్త వాషరు వేసి బిగించాను. ఫిల్టరు అంచుకి ఆయన చేసినట్టే వేలితో నూనె రాసి చేత్తోనే తిప్పి ఎక్కించాను. నల్లనూనె అప్ప డబ్బాలోకి వంచితే, చేతులు జోడించినట్టు డబ్బా పట్టుకుని వెళ్ళిపోయింది. బండిని బండల మీద నుంచి దించాక ముక్కు రోడ్డు వైపుకి, పల్లానికి నిలబడింది. కొత్త నూనె పోశాను. మైదానానికి తీసుకెళ్ళాలని నాకు తెలుసు. తెలిసే వెళ్ళలేదు. ఇక్కడ కొలిస్తే ఏం పోయింది, గేజి గేజే కదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. పుల్ల తీసి చూస్తే పై గీత దాకా తడి. డబ్బాలో ఇంకా చాలా మిగిలింది. నేను పొదుపుగా చేశాననుకుని మురిసిపోయాను కూడా.

డబ్బా వెనక సీటులో పడేసి, బడి ఎత్తు ఎక్కించడానికి బయల్దేరాను. మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది. నిట్టనిలువు మొదలవగానే స్టీరింగు వెనక ఎర్ర లైటు వెలిగింది. నూనె అందడం లేదని చెప్పే లైటు. వెంటనే ఇంజను ఆపేసి బ్రేకు లాగాను.

కారు ఆగిన చోట ఒక వైపు కాఫీ తోట, ఇంకో వైపు లోయ. మనిషి జాడ లేదు. ఇంజను పట్టేసి ఉంటే బండీ పోయినట్టే, బడీ పోయినట్టే, సాయంత్రం బావగారికి తాళాలిచ్చి మూట కట్టుకోవడమే. నాకు భయం వేసింది. ఆయన పోయిన రాత్రి కూడా అంత భయం వేయలేదు. ఆ రాత్రి ఇల్లంతా మనుషులున్నారు.

కాసేపటికి బుర్ర పనిచేసింది. వాకిట్లో బండి ముక్కు పల్లానికి ఉంది. ఉన్న కొద్ది నూనె ముందుకి చేరి పుల్లని నిండా తడిపింది. ఇక్కడ ముక్కు ఎత్తుకి లేచేసరికి ఆ నూనె వెనక్కి పోయింది. పుట్టి పెరిగింది ఈ కొండల్లో, పిల్లలకి నీరు పల్లమెరుగుతుందని పాఠం చెప్పేది నేను. ఆ గోడ పక్కకి వెళ్ళలేక ఇంత పని చేసుకున్నాను.

డబ్బాలోంచి కొంచెం కొంచెంగా పోశాను. ఇంజను స్టార్టయింది, శబ్దం మామూలుగానే ఉంది, ఎర్ర లైటు ఆరింది. బండిని వెనక్కి తిప్పి మెల్లగా దింపుకుంటూ, మా ఇల్లు దాటి, నేరుగా మైదానంలోకి పోనిచ్చాను. ఆయన నిలబెట్టే చోటే నిలబెట్టాను. గోడ అవతల సిమెంటు ఇంకా తెల్లగానే ఉంది. ఎవరో బంతిపూలు పెట్టి వెళ్ళారు, అవి వాడిపోయి ఉన్నాయి.

నూనె కిందికి దిగేదాకా ఆగాలి. ఆగాను. చేయడానికి ఇంకేం పని లేదు, చూడడానికి ఇంకో దిక్కు లేదు. ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. అప్పుడు బానెట్టు ఎత్తి, గేజి తీసి, తుడిచి, మళ్ళీ ముంచి తీశాను. పై గీతకి కొంచెం తక్కువ. డబ్బాలోంచి ఇంకాస్త పోసి, మళ్ళీ ఆగి, మళ్ళీ తీశాను.

"నిండా ఉంది," అన్నాను.

అలవాటు కొద్దీ ఆగాను. జవాబు రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. చివరికి మూత నేనే పెట్టాను.

సాయంత్రం వస్తామన్న బావగారు, కొనేవాడు ముందే వచ్చి, రోడ్డు మీద నుంచే నీలం కారుని చూసి మైదానంలోకి వచ్చారు. బావగారు మోచేతి దాకా నల్లబడ్డ నా చేతుల్నీ, గోడనీ చూశారు.

"అయిందా?" అన్నారు.

"అయింది."

"ఎత్తెక్కిందా?"

"సగమే ఎక్కింది. మిగతా సగం మీరే చూద్దురుగాని, ఎక్కండి."

ఇద్దరినీ కూర్చోబెట్టుకుని బడి గుమ్మం దాకా ఎక్కించాను. లైటు వెలగలేదు. వెనక సీట్లో కొనేవాడు బండి బాగుందండీ అన్నాడు. "బాగుందిలే. మా మరదలు అమ్మదు," అన్నారు బావగారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ కారు నా దగ్గరే ఉంది. షోరూములో వాషర్లు రెండు అడిగి తీసుకునేదాన్ని. నల్లనూనె వంతుల ప్రకారం ఇచ్చేదాన్ని. నూనె కొలవడానికి మాత్రం మైదానానికే వెళ్ళేదాన్ని, ప్రతిసారీ కొలత పైకే చదివేదాన్ని. చర్చికి వచ్చినవాళ్ళు విని టీచరమ్మ తనలో తను మాట్లాడుకుంటోందని అనుకునేవారు. అనుకోనీ. మెల్లగా చదివితే గోడ అవతలికి వినబడదు.