పెద్ద కత్తెర మోచేయి

తువ్వాలు మళ్ళీ కిందపడింది. పొద్దుట్నుంచీ అది పడటం, అతను వంగి తీయడం, ఇదే సరిపోయింది. వంటగది తలుపు గడియకు కట్టిన ఎర్ర రబ్బరు పట్టీ మాత్రం ఏమీ ఎరగనట్టు వేలాడుతోంది. ఇంత వయసొచ్చాక ఓ సాగుడు రబ్బరుతో కుస్తీ పట్టాల్సిన ఖర్మేమిటో అతనికి అర్థం కాలేదు.

చేయాల్సిన పని చెబితే ఎవరికైనా నవ్వొస్తుంది. మోచేతిని మడిచి పక్కటెముకలకు ఆనించాలి. మధ్యలో చుట్టిన తువ్వాలు పెట్టుకోవాలి. పట్టీ కొస పట్టుకుని ముంజేతిని బయటికి తిప్పాలి, మెల్లగా వెనక్కి తేవాలి. అంతే. మోచేయి ఒంటికి అంటుకుని ఉన్నంతసేపూ తువ్వాలు ఉంటుంది. కాస్త లేచిందా, పడిపోతుంది. అతని మోచేయి లేవకుండా ఉండదు.

ఎందుకుంటుంది? దాన్ని అలా పెంచారు మరి. అతను బార్బరు. వీధి మలుపులో రెండు కుర్చీల సెలూన్ ఉంది. కిటికీ పక్క కుర్చీ అతనిది, లోపలి కుర్చీ బామ్మర్దిది. వచ్చేపోయేవాళ్ళు బావని పెద్ద కత్తెర అనీ, బామ్మర్దిని చిన్న కత్తెర అనీ పిలుస్తారు. పెద్ద కత్తెరకు పని నేర్పింది తండ్రి. మోచేయి భుజం ఎత్తున నిలబడితేనే కత్తెర తిన్నగా నడుస్తుందని ఆ తండ్రి సిద్ధాంతం. ఏమాత్రం దిగినా మోచేతి ఎముక మీద దువ్వెనతో టక్కున ఒక్కటిచ్చేవాడు. కుర్చీ సంగతీ అంతే. కూర్చున్నవాడి తల బార్బరు గడ్డం ఎత్తున ఉండాలి, మెడ మీద గీత కంటికి ఎదురుగా కనపడాలి. కుర్చీ దించుకుని పనిచేసేవాళ్ళు గొర్రెలకు ఉన్ని కత్తిరించుకుంటే మంచిదని ఎగతాళి చేసేవాడు. ఆ తండ్రి పోయి చాలా కాలమైంది. కొడుకు మాత్రం ఈనాటికీ కుర్చీ కింది పెడల్ మీద కాలు పెట్టి ఎరగడు.

భుజం పోయింది షట్టర్ వల్ల. దానికి నూనె వేయించమని భార్య చెప్పీ చెప్పీ విసిగిపోయింది. రేపు, ఎల్లుండి అంటూ నెట్టుకొచ్చాడు. ఓ సాయంత్రం షాపు మూయబోతే అది సగంలో బిగుసుకుంది. ఇతనికి పంతం వచ్చింది. కుడిచేయి పైకి చాచి కొక్కెం పట్టుకుని, ఒళ్ళంతా వేసి లాగాడు. షట్టర్ దిగలేదు గానీ భుజంలో ఏదో చిరిగినట్టయి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎముకల డాక్టరు చూసి, ఆపరేషన్ అక్కర్లేదు, చేతికి విశ్రాంతి ఇచ్చి ఆ తర్వాత వ్యాయామంతో బలం తెచ్చుకోవాలన్నాడు. విశ్రాంతికేం, బాగానే గడిచింది. మెడకు వేలాడదీసిన గుడ్డ ఉయ్యాల్లోంచి తీసేసరికి చెయ్యి ఎవరిదో అన్నట్టుంది. చొక్కా తొడుక్కోవాలన్నా భార్యే రావాలి.

ఫిజియోథెరపీ అమ్మాయి అతన్ని అద్దం ముందు నిలబెట్టింది.

"చెయ్యి ఎత్తండి సార్. చూశారా, చెయ్యి కంటే ముందు భుజం చెవి దగ్గరికి పోతోంది."

"పోతే ఏమమ్మా?"

"భుజం కీలు చుట్టూ చిన్న కండరాలుంటాయి. రొటేటర్ కఫ్ అంటాం. మీరు చెయ్యి ఎత్తినప్పుడు కీలుని గూట్లో కుదురుగా పట్టుకునేవి అవే. మీవి నీరసించిపోయాయి. అందుకని పైనున్న పెద్ద కండరాలు వాటి పని లాక్కుంటున్నాయి."

"ఎవరు చేస్తే ఏంటి, పని జరుగుతోంది కదా."

"జరగట్లేదు. అందుకే నొప్పి. పట్టీ వ్యాయామం రోజూ చేయండి. షాపుకి కొద్దికొద్దిగా వెళ్ళండి, కానీ మోచేయి దించి పనిచేయాలి. కుర్చీ తగ్గించుకోండి."

"మా కుర్చీ తగ్గదమ్మా," అన్నాడు పెద్ద కత్తెర. అందులో అబద్ధమేమీ ఉన్నట్టు అతనికి తోచలేదు.

అప్పట్నుంచీ ఇంట్లో ఇదే భాగోతం. బరువెత్తమంటే ఎత్తేవాడు, పంటి బిగువున భరించేవాడు, నలుగురికీ చెప్పుకునేవాడు. ఇది చెప్పుకోవడానికైనా పనికొచ్చే కష్టం కాదు. రబ్బరు లాగడం, తువ్వాలు పడేయడం. భార్య కూరగాయలు తరుగుతూ ఓరగా చూసేది.

"భుజం మళ్ళీ లేస్తోందండీ."

"నాకు తెలుసు."

"మోచేయి కూడా."

"నీకు చేతనైతే నువ్వు లాగు."

ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి, తువ్వాలు చంకలో ఇరికించుకుని, పట్టీని చక్కగా లాగి చూపించి, మళ్ళీ వంకాయల దగ్గరికి వెళ్ళింది. పెద్ద కత్తెరకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచాడు.

షాపుకి వెళ్ళడం మొదలుపెట్టాక మాత్రం ప్రాణం లేచొచ్చింది. భయపడుతూ కత్తెర పట్టుకున్నాడు, పని సాగింది. మర్నాడూ సాగింది. వారం తిరిగేసరికి మొహంలో కళొచ్చింది. కుర్చీ ఎప్పటి ఎత్తులోనే ఉంది, మోచేయి ఎప్పట్లాగే లేచి ఉంది, సాయంత్రానికి కాస్త సలుపు తప్ప పెద్ద బాధ లేదు. ఇంటికొచ్చి పట్టీని గడియనుంచి విప్పి సొరుగులో పడేశాడు.

"మర్చిపోయే చెయ్యి కాదే ఇది," అన్నాడు భార్యతో. "ఆ పిల్లకేం తెలుసు మా పని?"

ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడం ఆవిడ స్వభావం కాదు, అయినా అతను పట్టించుకోలేదు.

ఆ ఆదివారం నిచ్చెన మేష్టారు వచ్చారు. బడిపిల్లలు పెట్టిన పేరది, పెట్టడంలో తప్పేమీ లేదు. గుమ్మంలో తల వంచుకుని గానీ లోపలికి రాలేరు. ఎన్నో ఏళ్ళుగా పెద్ద కత్తెర చేతికి తప్ప తల అప్పగించని మనిషి. భుజం పోయిన దగ్గర్నుంచీ ఆయన జుట్టు చెవులు దాటి, కాలరు దాటి, దిగుతూనే ఉంది. చిన్న కత్తెర గభాలున లేచి తన కుర్చీ దులిపాడు.

"ఇటు రండి మేష్టారూ, ఇక్కడ ఫ్యాను గాలి బాగా తగుల్తుంది."

"గాలి కోసం రాలేదోయ్. మా బడిలో నన్ను చూసి కొత్తగా వచ్చిన సంగీతం మాస్టరనుకుంటున్నారు. తల మీ బావ చేతిలో పెట్టేస్తే నాకు నిశ్చింత." ఆయన వెళ్ళి కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డారు.

పెద్ద కత్తెర ఛాతీ ఉప్పొంగింది. గుడ్డ కప్పి, నీళ్ళు చల్లి, ఎడమ పక్కనుంచి మొదలుపెట్టాడు. చెవి దగ్గర కత్తెర పాట పాడింది. చెవి పైకి వెళ్ళేసరికి పాట తగ్గింది. నడినెత్తికి చేరేసరికి మోచేయి తన ఎత్తు తను అందుకోలేకపోయింది. భుజం చెవికి తగిలింది. కోపంగా ఇంకొంచెం ఎత్తాడు. లోపల సూది గుచ్చినట్టయి, వేళ్ళు విడిపోయి, కత్తెర మేష్టారి ఒళ్ళో పడింది.

చిన్న కత్తెర తన కుర్చీలో సబ్బు నురగతో కూర్చున్న మనిషిని అలాగే వదిలేసి వచ్చాడు.

"బావా, మిగతాది నేను చూస్తాలే."

"నీ కుర్చీ నువ్వు చూసుకో," అంటూ పెద్ద కత్తెర అటు చూశాడు. లోపలి కుర్చీలో ఉన్నది ఆరడుగుల మనిషి. బల్ల మీద వంతుకోసం కూర్చున్న ఇద్దరిలో పొట్టివాడొకడు, నడినెత్తి మీద వెంట్రుకే లేనివాడొకడు. ఆ ఇద్దరికీ 'మీరు మా బావ దగ్గరికి' అని చిన్న కత్తెర ఇందాకే చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. నిన్న తన కుర్చీలో కూర్చున్నవాళ్ళు, మొన్నటివాళ్ళు, ఒక్కొక్కరే గుర్తొచ్చారు. పిల్లలు, పొట్టివాళ్ళు, బట్టతలలు. చెవి పైకి చెయ్యి వెళ్ళాల్సిన తల వారం రోజుల్లో ఒక్కటీ లేదు.

"నన్ను వెర్రివాణ్ణి చేశావురా," అన్నాడు.

"అక్కే చెప్పింది బావా," అన్నాడు చిన్న కత్తెర నేల చూస్తూ. "కుర్చీ దించమంటే నువ్వు వినవు, కనీసం తలలైనా చూసి పంపించరా అంది."

పెద్ద కత్తెర ఒళ్ళు మండిపోయింది. భార్య మీద, బామ్మర్ది మీద, రబ్బరు పట్టీ మీద, అన్నిటికంటే ఎక్కువగా తన చేతి మీద. షాపు వదిలేసి పోదామనుకున్నాడు. కానీ మేష్టారి తల అద్దంలో కనిపిస్తోంది. ఒక పక్క పెళ్ళికొడుకులా, ఇంకో పక్క తుప్పలా ఉంది. ఆ తలనలా వదిలి పోవడం అతని వల్ల కాదు, ఇంకొకడి చేతికివ్వడమూ అతని వల్ల కాదు.

"ఈ కుర్చీ కిందికి దిగదా?" అన్నారు మేష్టారు నెమ్మదిగా.

"దిగదండీ."

"దిగుతుంది బావా," అన్నాడు చిన్న కత్తెర. "నువ్వు రాని రోజుల్లో కిటికీ వెలుతురుకని దాని దగ్గరే పనిచేశా. రోజూ దించేవాణ్ణి, సాయంత్రం మళ్ళీ నీ ఎత్తుకి లేపి పెట్టేవాణ్ణి. నూనె కూడా వేశా."

పెద్ద కత్తెర పెడల్ వంక చూశాడు. తర్వాత దాని మీద కాలు పెట్టి తొక్కాడు. కుర్చీ చప్పుడు లేకుండా దిగింది. మేష్టారి మోకాళ్ళు అద్దం కింది బల్లకు తగిలాయి, ఆయన వాటిని సర్దుకుని ఊరుకున్నారు. పెద్ద కత్తెర శుభ్రమైన తువ్వాలొకటి చుట్టి, మోచేతికీ పక్కటెముకలకీ మధ్య ఇరికించుకున్నాడు. బల్ల మీదివాళ్ళు చూస్తున్నారని తెలుసు. తెలిసీ చేశాడు.

తువ్వాలు ఒకసారి పడింది. మేష్టారు గుడ్డ కిందనుంచి పొడుగాటి చెయ్యి చాచి, తీసిచ్చారు. ఆ తర్వాత పడలేదు. మోచేయి ఒంటిని అంటుకునే ఉంది, ముంజేయి తిరిగింది, మణికట్టు తిరిగింది. పని నత్తనడకే. మెడ మీద గీత దగ్గర కళ్ళు అందక మోకాళ్ళు వంచి కూర్చున్నంత పని చేశాడు. అయ్యాక చేతి అద్దం వెనక్కి పెట్టి చూశాడు. గీత తిన్నగానే ఉంది. అందుకూ అతనికి కోపమొచ్చింది. తిన్నగానే వచ్చేటట్టయితే చిన్నప్పుడు మోచేతి మీద తిన్న ఆ దెబ్బలన్నీ దేనికట?

"బాగుంది," అన్నారు మేష్టారు లేస్తూ.

"ఏం బాగు," అన్నాడు పెద్ద కత్తెర. కప్పిన గుడ్డ విదిలించబోయి, చెయ్యి సగం లేచాక ఆగి, దాన్ని బామ్మర్దికి అందించాడు.

బట్టతలాయన అలవాటుగా లేచి కిటికీ పక్క కుర్చీ వైపు రాబోయాడు. పెద్ద కత్తెర కుర్చీని పైకి లేపలేదు. దాన్ని ఆ ఎత్తులోనే దులిపి, సబ్బు నురగ ఆరిపోతున్న ఆరడుగుల మనిషి వైపు తల ఊపాడు.

"మీరు ఇటు రండి," అన్నాడు. "కుర్చీ దించానని మా నాన్న పైనుంచి చూసి ఏడిస్తే ఏడవనీ."