డబ్బా అడుగున శ్రీకారం

జనగామ మార్కెట్ దగ్గర నాది బండి సామాన్ల దుకాణం. కొత్త సరుకు దిగినప్పుడల్లా మొదటి డబ్బా అడుగున శ్రీకారం రాయడం మా ఇంటి ఆనవాయితీ. మా బాపు పసుపుతో రాసేవాడు, నేను మార్కర్ పెన్నుతో రాస్తాను.

మొన్న పత్తి ఏరే రోజుల్లో ఒక ట్రాలీ డ్రైవర్ వచ్చాడు. తన తండా ఆడవాళ్లను పత్తి పనికి భూపాలపల్లి వైపు తీసుకెళ్తున్నాడు. ఇంజిన్ ఆయిల్ డబ్బాను అటూ ఇటూ తిప్పి, "మంచిదేనా సేటూ?" అన్నాడు.

నాకు చిర్రెత్తింది. "డబ్బా మీద గీ ఇంగ్లీషు అక్షరాలు సూడు. పరీక్షలు జేసి ఇచ్చిన గ్రేడు. కండ్లు మూసుకొని పోసుకో."

దుకాణం ముందే ఆయిల్ మార్చుకుని, ఖాళీ డబ్బా నాకిచ్చి బయల్దేరాడు.

దాన్ని మూలకు విసరబోతే అడుగున మాసిపోయిన శ్రీకారం కనబడింది. నా రాతే. కానీ ఆ సరుకును మహబూబాబాద్ ఏజెంటు ఆ పొద్దునే దింపిపోయాడు. నేనింకా పెన్ను పట్టనే లేదు.

మళ్లీ ఎవరూ నింపకుండా ఖాళీ డబ్బాకు స్క్రూడ్రైవర్‌తో ఒక పోటు పొడవమని పక్క మెకానిక్ ఎన్నిసార్లు చెప్పాడో! చేలకు నీళ్లు తీసుకుపోవడానికి ఆడవాళ్లు అడుగుతారని నేను పొడిచేవాణ్ని కాదు. మిగిలినవి పాత సామాన్లవాడు పట్టుకుపోయేవాడు. అట్లా పోయిన నా డబ్బాయే, ఏ పాడు ఆయిలో నింపుకుని, కొత్త సీలుతో నా దగ్గరికే వచ్చింది. అక్షరాలు అబద్ధం కావు. ఆ గ్రేడు ఆయిల్ ఎంత వేడిని తట్టుకోవాలో అవి చెప్తాయి. డబ్బాలో ఉన్నది ఆ ఆయిలేనని అవి చెప్పలేవు. చెప్పింది నేను.

బిల్లు మీద రాసుకున్న డ్రైవర్ నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. బండి నిండా మనుషులు, ముందున్నది అడవి దారి. ఇంజిన్ పట్టేస్తే ఆ బండే ఆధారమైన అతని బతుకేం కాను? మళ్లీ మళ్లీ చేశాను. ఎప్పటికో ఎత్తాడు.

"బండి ఆపు తమ్మీ, జల్ది ఆపు! మీటరు కాడ ఆయిల్ లైటు గిట్ల వెలిగిందా?"

"ఇందాకటి సంది ఎర్రగ వెలుగుతనే ఉన్నది సేటూ. నువ్వు మంచి ఆయిలంటివి గద, లైటే ఖరాబైందనుకున్న. కండ్లల్ల గుచ్చుతున్నదని దాని మీద రుమాలు కప్పిన."