నాయిన దిద్దిన పది వాక్యాలు

ఇరవై ఏళ్లకు పైగా సాంచాల మధ్య నిలబడి నిలబడి నాయినకు చెవులు పోయాయి. సూరత్ పక్కన కడోదరాలో ఆయన పనిచేసే కార్ఖానాలో ఆ మరమగ్గాల మోత పగలూ రాత్రీ ఆగేది కాదు. మొదట ఒక చెవి పోయింది, తర్వాత రెండోది. పనిలోంచి తీసేశారు. ఇంట్లో ఆయనకు ఏం చెప్పాలన్నా చెవి దగ్గర అరవాలి. మాది ఒకటే గది. అరిస్తే చుట్టుపక్కల ఇళ్లన్నీ వినేవి.

నేను సూరత్‌లోనే పుట్టి గుజరాతీ బడిలో చదివాను. తెలుగు మాట్లాడతాను, అప్పటికి రాయడం రాదు. నాయినకు కరీంనగర్ దిక్కు మా ఊళ్లో ఏడో తరగతి దాకా నేర్చిన తెలుగు తప్ప వేరే రాత రాదు. అమ్మకు ఏ రాతా రాదు. కాలేజీలో చేరిన ఏడాది, కాగితం మీదనైనా మాట్లాడుకోవచ్చని, తెలుగు నేర్పమని ఆయన్ను నేనే అడిగాను.

అక్షరాలయ్యాక రోజుకొక సంగతి ఇచ్చి పది వాక్యాలు రాయమనేవాడు. మొదట బస్సు గురించి ఇస్తే, బస్సు ప్రజలకు ఎంతో ఉపయోగమని రాశాను. ఆయన కొట్టేశాడు.

"గది అందరికెరుకే. నువ్వెక్కిన బస్సుల ఎవలు కూసున్నరో రాయి" అన్నాడు.

మర్నాడు అడాజన్ పోయే బస్సులో ఒకామె చీరల మూట ఒడిలో పెట్టుకుని నిద్రపోతూ కూడా ముడి వదలకపోవడం చూసి రాశాను. అట్లా మెల్లగా చూడటం అలవాటైంది.

వానలకు ముందు ఒకరోజు 'అమ్మ పొద్దటి పని' అని ఇచ్చాడు. తేలిక అనుకున్నాను. అమ్మ బిందె ఎడమ చేత్తో ఎత్తుతుంది. దండెం మీద బట్టలు నన్ను ఆరేయమంటుంది. తల కూడా నన్నే దువ్వమంటుంది. ఒక గుడ్డ విడిగా ఉతుక్కుని, పరదా వెనక ఆరేస్తుంది. ఏడో వాక్యం దగ్గర నా చెయ్యి ఆగింది. అన్నీ రోజూ చూసేవే. ఒకదాని కింద ఒకటి రాసేదాకా అన్నీ ఒకటే సంగతని తెలియలేదు.

నాయిన వరసగా తప్పులు దిద్దుతూ వచ్చి, గుడ్డ దగ్గర ఆగాడు. దాని కింద రాశాడు: ఎన్ని దినాల సంది?

అమ్మ మూలన కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తోంది. వెళ్లి అడిగాను. తల ఎత్తకుండానే చెప్పింది. రొమ్ములో గడ్డ, పోయిన దీపావళి నుంచి ఉందట. ఇప్పుడు పగిలి కారుతోంది. నాయినకెందుకు చెప్పలేదంటే ఒకటే మాట అంది.

"మీ నాయినకు చెప్పాల్నంటే చెవుల ఒర్లాలె. గసొంటి ముచ్చట ఎట్ల ఒర్లి చెప్తరు బిడ్డా?"

నాకెందుకు చెప్పలేదో నేను అడగలేదు.

దవాఖానలో డాక్టరు క్యాన్సర్ ఎముకల్లోకి పాకిందన్నాడు. నాయిన నా మొహం చూసి కాగితం నా ముందుకు తోశాడు. ఒక్క వాక్యం రాశాను. ఆయన చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

అమ్మ ఇంకో ఏడు నెలలు బతికింది. గొంతు సన్నబడ్డాక ఆమె మాటలు నేనే నాయినకు రాసి చూపేదాన్ని. తిన్నాడా, మందుల డబ్బులకు ఎవరిని అడిగాడు, ఇవే ఎక్కువ. కొన్ని మాటలు చెప్పి, "ఇది రాయకు" అనేది. రాయలేదు.

ఆమె పోయాక నాయిన నాకు రాయమని ఏమీ ఇవ్వలేదు. నేనే కూర్చుంటాను. నా చిన్నప్పటి అమ్మ గురించి రాద్దామంటే మూడు నాలుగు వాక్యాలు దాటవు. ఆ రోజుల్లో ఆమె పక్కనే ఉన్నాను, చూడలేదు. తెలియనివి నాయినను రాసి అడుగుతాను. అప్పటి పన్నెండు గంటల డ్యూటీలో ఆయన చూసింది నాకంటే తక్కువ. చాలావాటి కింద "యాదికి లేదు" అని రాసి ఇస్తాడు.