మస్తాన్‌వలి గారు ఆ కడ్డీని ముట్టుకోలేదు

నిన్న ఇంట్లో కుండీలో వాడిన మొక్కను పీకితే మురిగిన వేరు వాసన కొట్టింది. రెండుసార్లు చెయ్యి కడుక్కున్నా పోలేదు. మస్తాన్‌వలి గారి మిరపచేలో ఆఖరిరోజు వచ్చిన వాసన అది.

ఆయన ప్రకాశం జిల్లాలో కౌలు రైతు. నేను ఒక కంపెనీ తరఫున ఆయన చేలో తేమ కొలిచే సెన్సార్లు పాతించినవాణ్ణి. కడ్డీల్లాంటి ఆ సెన్సార్లు తీగల్లేకుండా కబురు పంపితే డ్రిప్పు మోటారు దానంతటదే తిరుగుతుంది, ఆగుతుంది. "ఈ ఒక్క పంటకీ దేన్నీ ముట్టుకోకండి, లెక్క చెడిపోతుంది" అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. "సేద్యం నాది, పెత్తనం నీ పుల్లలదా? సరే సారూ, మాటిచ్చా."

పూత మీద వానలు మొహం చాటేశాయి. ఒకరోజు ఫోన్ చేసి రమ్మన్నారు. మొక్కల వరసకి దూరంగా, బోదె గట్టు అంచున పాతిన కడ్డీ చుట్టూ నల్లరేగడి బీటలిచ్చింది. మొక్కల మొదళ్ళ దగ్గర మాత్రం కాలు దిగబడుతోంది. ఆయన గుప్పెడు మట్టి తీసి నా అరచేతిలో పిసికారు.

"చూడు, నీళ్ళు కారతన్నాయి. నీ పుల్లకి మట్టి అంటట్లా, గాలిని కొలుస్తంది. దాహం దానిది సారూ, నా చేనుది కాదు. మోటారు ఆపమంటావా?"

నా ఫోన్‌లో చేను ఎండిపోతున్నట్టే ఉంది. ఆకులు కూడా వాలి ఉన్నాయి. "నీళ్ళు చాలకే కదండీ వాలిపోయాయి. ఆపొద్దు" అన్నాను. ఆయన స్విచ్చు వైపు చూశారు గాని కదల్లేదు.

పది రోజుల్లో చేనంతా వడలిపోయింది. ఏ మొక్క పీకినా వేరు కుళ్ళి ముద్దయింది. "మీరైనా ఆపి ఉండాల్సింది కదండీ!" అని అరిచాను. "ముట్టుకోనని మాటిచ్చాగా" అన్నారు, మెల్లగా.

నా ఉద్యోగం పోతుందన్న భయంతో నివేదికలో 'రైతు కడ్డీని కదిలించడం వల్ల లెక్కలు తప్పాయి' అని రాశాను. ఆ వాక్యం పొలం ఆసామి దాకా వెళ్ళింది. కౌలు పోయింది. మిషను చెడగొట్టి చేను చంపుకున్నాడని ఊళ్ళో ఆయనకు 'మిషను మస్తాను' అని పేరు పెట్టారు. ఆయన పిడుగురాళ్ల సున్నపు బట్టీల్లో పనికి వెళ్ళిపోయారు.

రెండేళ్ళకు అక్కడికి వెళ్ళి తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఆయన కనురెప్పల మీద కూడా సున్నం.

"నాకు తెలిసిందే నాకు చెప్తావేంది సారూ? మా ఊరొచ్చి చెప్పు."

వస్తానని మాటిచ్చాను. ఇంకో వారం, ఇంకో నెల అనుకుంటూ గడిపేశాను. కిందటేడు ఆయన పోయారని వాళ్ళమ్మాయి కబురు చేసింది. అప్పుడు వాళ్ళ ఊరు వెళ్ళి టీకొట్టు దగ్గర నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పాను. "పోయినాయన సంగతి ఇప్పుడెందుకండీ" అంటూ ఒకాయన గ్లాసు పక్కన పెట్టి లేచి వెళ్ళిపోయాడు.

అప్పట్నుంచి ఎవరైనా మాటివ్వమంటే నాకు నోరు పెగలదు.